తల ఊపితే ఏమని అర్థం?

మీరు బిందె పట్టుకుని వీధిలో వెళ్తున్నారు. పక్కింటావిడ ఎదురైంది. గడ్డం కొంచెం పైకెత్తి, కళ్ళు ఎగరేసింది. "ఎక్కడికి?" అని అడిగిందన్న మాట. మీరు బిందెను ముందుకు చూపారు. "నీళ్ళకి" అని ఆవిడకు తెలిసిపోయింది. ఇద్దరూ నోరు విప్పలేదు. మాట్లాడుకోవడం మాత్రం అయిపోయింది.

ఇట్లా మనం రోజంతా ఒంటితో మాట్లాడుతూనే ఉంటాం. ఈ మాటలు ఏ బడిలోనూ నేర్పరు. అమ్మ చంకలో ఉన్నప్పుడే నేర్చుకుంటాం. అందుకని ఇవి లోకమంతా ఒకటే అనుకుంటాం. కాని ఒకటి కాదు.

మెటికలు విరవడమే చూడండి. పిల్లవాడి బుగ్గలు నిమిరి, చేతులు మన కణతలకు ఆనించి మెటికలు విరిస్తే దిష్టి తీసినట్టు. అది ప్రేమ. కుళాయి దగ్గర పోట్లాటలో ఎదురుగా నిలబడి విరిస్తే? అది శాపనార్థం! వేళ్ళు అవే, చప్పుడూ అదే. అయినా మనలో ఎవరూ పొరబడరు. ఎవరు, ఎవరి ముందు, ఏ సమయంలో విరిచారో మనకు తెలుసు. ఆ సంగతి తెలియని పరాయివాళ్ళకు మాత్రం రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

మనం పరాయి దేశం పోతే మన పరిస్థితీ అంతే. మనం ఆశ్చర్యపోతే ముక్కు మీద వేలు వేసుకుంటాం. జపాన్‌లో తన ముక్కు వైపు వేలు చూపిస్తే "నేను" అని అర్థం. బల్గేరియా అనే దేశంలో చాలామంది తల పైకీ కిందికీ ఆడిస్తే "కాదు" అని. అడ్డంగా ఊపితే "అవును" అని! ఇందాక పక్కింటావిడ గడ్డం పైకెత్తింది కదా. టర్కీ, లెబనాన్ దేశాల్లో గడ్డం పైకెత్తి నాలుకతో "చ్" అంటే "లేదు, వద్దు" అని. మనకు "చ్" అంటే "అయ్యో పాపం" అనడం.

ఇప్పుడు మన తల సంగతికి వద్దాం. ఇది కొంచెం నిదానంగా చదవండి.

మనం తలను ఒక భుజం వైపు, మళ్ళీ ఇంకో భుజం వైపు వాలుస్తాం. దానికి ఎన్ని అర్థాలో! "సరే" అని ఒకటి. "విన్నాను" అని ఒకటి. "మీ ఇష్టం" అని ఒకటి. ఒక్కోసారి అర్థమే ఉండదు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మర్యాదకు ఊపుతాం. ఎదుటివాళ్ళు దీన్ని ఎట్లా తీసుకుంటారు? కొత్తవాళ్ళు కొందరు "కాదంటోంది" అనుకుంటారు. కొందరు "ఒప్పుకుంది" అనుకుంటారు. మన మనసులో రెండూ లేకపోవచ్చు.

రాయచోటి, రాజంపేట వైపు నుంచి, కోనసీమ నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు కువైట్‌కు ఇంటి పనికి వెళ్ళారు. అట్లా వెళ్ళిన ఒక అక్కను ఊహించుకోండి. ఇంటి యజమానురాలిని అక్కడ "మామా" అని పిలుస్తారు. ఆ మామా అయిదు వేళ్ళ కొసలూ కలిపి, పైకి పెట్టి, చెయ్యి ఆడిస్తోంది. మన అక్కకు అది అన్నం ముద్దలా కనిపించింది. గబగబా కంచం తెచ్చింది. మామాకు విసుగొచ్చింది. అరబ్ దేశాల్లో ఆ సైగకు "ఆగు, ఓపిక పట్టు" అని అర్థం మరి.

ఇది నవ్వుకుని మరిచిపోయే పొరపాటు. అన్నీ ఇట్లాంటివే కావు. కువైట్‌లో 2015లో ఇంటి పనివాళ్ళ కోసం ఒక చట్టం చేశారు. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. పనిమనిషి ఒప్పుకుంటే తప్ప ఆమె పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు.

"ఒప్పుకుంటే తప్ప" అన్న మాట మళ్ళీ ఒకసారి చదవండి.

"నీ పాస్‌పోర్టు నా బీరువాలో పెట్టనా?" అని మామా అడుగుతుంది. భాష సగమే అర్థమవుతుంది. కొత్త ఇల్లు, భయం. మన అక్క నేల చూపులు చూస్తూ తల వాలుస్తుంది. "విన్నానమ్మా" అని ఆమె ఉద్దేశం. బీరువాకు తాళం పడుతుంది. రేపు అడిగితే "నువ్వే తల ఊపావుగా" అంటారు. ఆస్పత్రిలోనూ ఇదే బాధ. "నొప్పి తగ్గిందా?" అని డాక్టరు అడిగితే మర్యాదకు తల ఊపామనుకోండి. మందు మార్చాల్సింది మార్చరు. (కేరళ నర్సమ్మ అక్కడుంటే నయం. ఆమెకు మన తల ఊపు కొంత తెలుసు.)

నేల చూపుల సంగతీ ఉంది. కూతురి పురుడు పోయడానికి అమెరికా వెళ్ళే అమ్మలు ఉన్నారు. విమానం దిగగానే అధికారి ప్రశ్నలు అడుగుతాడు. పెద్దవాళ్ళ కళ్ళలోకి చూడకపోవడం మనకు గౌరవం. అక్కడ చాలామంది దాన్ని ఏదో దాస్తున్నట్టు అనుకుంటారు.

మరి మన అలవాట్లు మానుకోవాలా? అక్కర్లేదు. మన తల ఊపులో తప్పేమీ లేదు. తల ఊపినా, నోటితో కూడా ఒక మాట అనాలి. అరబ్బీలో "ఐవా" అంటే అవును. "లా" అంటే కాదు. తెలియకపోతే "మాఫీ మాలూమ్" అంటే చాలు. ఈ మూడూ ప్రయాణానికి ముందే నేర్చుకోవచ్చు. కాగితం ముందు పెట్టి వేలు ముద్ర వెయ్యమన్నా, సంతకం చెయ్యమన్నా ఈ మాటలే పనికొస్తాయి.

ఇంత దూరం పోనక్కర్లేదేమో కూడా. పెళ్ళిచూపుల్లో అమ్మాయి తల వంచుకుని కూచుంటుంది. "సిగ్గుపడింది, ఒప్పుకున్నట్టే" అని పెద్దలు తాంబూలాలు మార్చుకుంటారు. ఆ పిల్లను నోరు తెరిచి అడిగినవాళ్ళు ఎందరు?

చేసి చూడండి

నలుగురు కలిసి కూచోండి. ఒకరు మాట్లాడకుండా "నాకు ఇష్టం లేదు" అని చెప్పాలి. మిగతా ముగ్గురూ తమకు ఏమని అర్థమైందో ఎవరికి వారే కాగితం మీద రాయాలి. తర్వాత ముగ్గురి కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవండి.