ఎడమ కాలు సంగతి

ఎర్రగడ్డ,
హైదరాబాద్.

అల్లుడా,

నువ్వు పాత మాసీ ఫెర్గూసన్ 135 కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎడ్మంటన్ అవతల ఊరి బయట ఇల్లు తీసుకున్నావట, గేటు నుంచి గుమ్మం దాకా మంచు తీసుకోవడానికి ముందు బకెట్టున్న ట్రాక్టరు కావాల్సి వచ్చిందట. మైత్రీవనం సందుల్లో జావా నేర్చుకున్న పిల్లాడికి ట్రాక్టరెందుకని అక్క పరేషాన్ అవుతోంది. నాకు మాత్రం సంబురంగా ఉంది. అది 1964 చివర్లో మార్కెట్లోకి వచ్చి 1970ల నడిమి దాకా తయారైన బండి. మన దగ్గర తిరిగే టాఫే వాళ్ల 1035 దానికి చుట్టం వరుస. నీది డీజిలుదైతే లోపల మూడు సిలిండర్ల పెర్కిన్స్ ఇంజనుంటుంది. ఆ ఇంజన్లనే చెన్నైలో సింప్సన్ వాళ్లు లైసెన్సు తీసుకుని చేశారు. మంచును నేను సినిమాల్లో తప్ప చూడలేదు గానీ ఈ జాతి ట్రాక్టర్ల క్లచ్‌లు విప్పుతూనే మూసాపేట షెడ్డులో నా జీవితం గడిచింది. అందుకని క్లచ్ గురించి మాత్రం చెప్తాను, మిగతాది మీ ఊరివాళ్లనడుగు.

నా భయమంతా నీ ఎడమ కాలు గురించే. నువ్వు కారు నేర్చుకున్నది మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజుల్లో, ఎర్రగడ్డ నుంచి అమీర్‌పేట దాకా. రైతు బజారు దగ్గర ఆటోలు అడ్డం, ఎస్సార్ నగర్ దగ్గర బస్సు అడ్డం. ఆ రోడ్డు మీద ఎంత మంచి డ్రైవరైనా పెడల్ సగం నొక్కిపెట్టి అంగుళమంగుళం జరుపుకుంటూ పోవాల్సిందే. హాఫ్ క్లచ్ కొట్టడం మనవాళ్లకు ఒక విద్య, దాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. కారులో తోసేది కారు బరువొక్కటే కాబట్టి ప్లేటు కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. బకెట్టు నిండా మంచును గట్టుకేసి నెట్టే ట్రాక్టరులో అదే పని చేస్తే ప్లేటు కాలుతుంది. ట్రాక్టరు క్లచ్ కరెంటు స్విచ్చు లాంటిది, అయితే పడాలి, లేకుంటే లేవాలి. ఎంత మెల్లగా పోవాలో గేరుతో, యాక్సిలరేటర్ లివరుతో తేల్చుకో. మరీ స్పీడుగా పోతోందనిపిస్తే ఆపి కింది గేరు వెయ్యి. పెడల్‌తో సర్దుకోవద్దు.

మంచు పనిలో ఇది మరీ ఎందుకంటే, దున్నేటప్పుడు సాలు మొదట్లో ఒకసారి క్లచ్ వదిలితే మళ్లీ చివర్లోనే దానితో పని. బకెట్టు పనిలో అట్లా కాదు. ముందుకెళ్లి నింపు, ఆపు, వెనక్కి రా, ఆపు, పక్కకు పోయి కుమ్మరించు, మళ్లీ రా. ఒక్కో బకెట్టుకు నాలుగైదుసార్లు కాలు కదులుతుంది. ఎంత బరువో లెక్క వేసి చూశాను. నలభై మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు దారిలో జానెడు మంచు పడిందంటే ఇరవై నాలుగు ఘనపు మీటర్లు. అప్పుడే పడిన పొడి మంచు ఘనపు మీటరుకు ఓ వంద కిలోలు అనుకున్నా రెండున్నర టన్నులకు దగ్గర. గాలికి బిగిసినదో తడిసినదో అయితే దానికి మూడింతలు. పడుతున్నప్పుడే ఒకటికి రెండుసార్లు తీసెయ్యి, మొత్తం ఆగాక తీద్దామని కూర్చోకు.

దారంతా బకెట్టుతోనే ఎత్తాలనుకోవద్దు. వెనక త్రీ పాయింట్ లింకేజికి తగిలించే బ్లేడు మీ దగ్గర పాతది దొరుకుతుంది. దాన్ని ఏటవాలుగా తిప్పుకుని గేటు దాకా ఒకే పోక పోతే మంచు పక్కకు దొర్లిపోతుంది. నలభై మీటర్లకు క్లచ్ వదిలేది ఒక్కసారే. తిరగడానికి చోటుంటే వెనక్కి రావడం కూడా మానేసి చుట్టూ తిరిగి రా. బకెట్టును మూలలకూ గేటు ముందుకూ ఉంచుకో.

గేటు ముందే అసలు చిక్కు. రోడ్డు మీద గ్రేడరు పోయినప్పుడు పక్కకు నెట్టిన మంచు నీ దారికి అడ్డంగా గట్టులా పడుతుంది. కాసేపటికి అది గడ్డకట్టి రాయవుతుంది. దాన్ని ఉరికొచ్చి గుద్దేవాళ్లుంటారు, బకెట్టు దాంట్లో దిగబడ్డాక సగం క్లచ్‌తో ఇంజను రేజ్ చేసేవాళ్లుంటారు. రెండో రకంవాళ్ల వల్లే మా షెడ్డు నడిచింది. నువ్వు గ్రేడరు పోయిన గంటలోపే వెళ్లు. ఒక కొస నుంచి బకెట్టులో సగం వెడల్పుకే పట్టేలా కొరుక్కుంటూ రా. మొదటి గేరు, లో రేంజి. ఇంజను మూలిగి ఆగబోతోందంటే క్లచ్ పూర్తిగా నొక్కు, వెనక్కి తీసి తక్కువ పట్టు. ఇంజను ఆగిపోయినా పర్లేదు, ప్లేటు జారకూడదు.

ఇంకో సంగతి చాలామందికి తలకెక్కదు. చక్రాలకు పట్టు లేనప్పుడు టైర్లు జారతాయి, క్లచ్ బతుకుతుంది. చెయిన్లు వేసి, వెనక సిమెంటు దిమ్మ కట్టాక టైర్లు జారవు, ఏదో ఒకటి జారాలి కాబట్టి ఆ భారం ప్లేటు మీద పడుతుంది. కరిగట్టులో కేజ్ వీల్స్ వేసినప్పుడు మన దగ్గర జరిగేదీ అదే. అలాగని చెయిన్లు వద్దనడం లేదు. ముందు బకెట్టు బరువుకు వెనక చక్రాలు తేలిపోతాయి, వెనక బరువు లేకుండా బ్రేకు కూడా సరిగా పడదు. పైగా పట్టు లేక ఇరుక్కున్న బండిని ముందుకూ వెనక్కూ ఊపుతూ బయటికి లాగాలని చూస్తారు, దానంత చెరుపు మరొకటి లేదు. చెయిన్లు వేసుకో, పారతో నాలుగు దెబ్బలు వేసి దారి చేసుకో, తక్కువ తక్కువ పట్టు. వెనక్కి తిప్పే ముందు బండి బ్రేకుతో పూర్తిగా నిలవాలి. దొర్లుతున్న బండికి రివర్సు వేసి క్లచ్‌తో ఆపితే ఆ బరువంతా మోసి అరిగేది లైనింగే.

నీ బండికి డ్యూయల్ క్లచ్ ఉందేమో చూడు. సగం దాకా నొక్కితే చక్రాలు ఆగుతాయి, పీటీఓ, అంటే వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు, తిరుగుతుంది. అడుగు దాకా నొక్కితే పీటీఓ కూడా ఆగుతుంది. రేపు స్నో బ్లోయరు తగిలించావనుకో, బండిని ఆపడానికి మొదటి మెట్టు చాలు, బ్లోయరు తనలో ఉన్న మంచును ఊదేసుకుంటుంది. ఊరికే అడుగుదాకా తొక్కితే రెండో ప్లేటు కూడా ఒక్కోసారి కొంచెం కొంచెం అరుగుతుంది. పీటీఓ కలిపేటప్పుడు ఇంజను మెల్లగా ఉండాలి. బ్లోయరులో ఏదైనా ఇరుక్కుంటే ఇంజను ఆపకుండా చెయ్యి పెట్టకు. ఎవరితోనైనా మాట్లాడాలంటే న్యూట్రల్ చేసి, పార్కింగ్ బ్రేకు వేసి, పెడల్ మీంచి కాలు తియ్యి. నొక్కిపెట్టుకుని కబుర్లు చెప్తే రిలీజ్ బేరింగ్ పోతుంది.

చలి పొద్దున స్టార్టు చేసేటప్పుడు మాత్రం క్లచ్ నొక్కాలి. గేరు ఆయిలు గట్టిపడి ఉంటుంది కాబట్టి స్టార్టరుకు గేరుబాక్సు భారం తప్పుతుంది. తలుపులు తీసిపెట్టి స్టార్టు చెయ్యి, మూసిన షెడ్డులో పొగ ప్రాణం తీస్తుంది. వేసవిలో నెలల తరబడి మూల పెట్టేటప్పుడు పెడల్‌ను చెక్క ముక్కతో కిందికి నొక్కి ఉంచితే ప్లేటు ఫ్లైవీలుకు తుప్పుతో అతుక్కోదు.

పెడల్ చేత్తో కదిపి చూడు. పైన కొంత దూరం తేలిగ్గా పోయి తర్వాత బరువు తగలాలి. మన బండ్లలో చాలావాటికి అంగుళం అటూ ఇటూ ఉంటుంది. నీదానికి ఎంతో బండి పుస్తకంలో ఉంటుంది. లైనింగ్ అరిగేకొద్దీ ఈ ఆట తగ్గుతుంది, పూర్తిగా పోయిందంటే నువ్వు కాలు తీసినా క్లచ్ కొంచెం నొక్కే ఉన్నట్టు. తర్వాత కిందికి వంగి ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ ఉన్న డబ్బా అడుగున చిన్న బెజ్జం చూడు. దాంట్లో ఒక స్ప్లిట్ పిన్ను వేలాడుతుంటుంది. ఆ పిన్ను కొసన నల్లటి నూనె బొట్టుందంటే ఇంజను వెనక సీలు కారుతోంది. చిక్కగా గేరు ఆయిలు వాసనొస్తే గేరుబాక్సు సీలు. ప్లేటుకు నూనె తగిలిందంటే నీ కాలు ఎంత బుద్ధిగా ఉన్నా జారుతుంది. జారుతోందో లేదో తెలుసుకోవాలంటే బ్రేకులు బిగించి పై గేరులో క్లచ్ వదులు, ఇంజను వెంటనే చావాలి. ఆగకుండా తిరిగితే రెండు సెకన్లలో నొక్కెయ్యి, మళ్లీ మళ్లీ పరీక్షించకు.

ఒకవేళ మార్చాల్సి వస్తే తొందరపడి నువ్వు మొదలుపెట్టకు. దీని క్లచ్ చూడాలంటే ట్రాక్టరును నడుమకు విడదీయాలి, నీ బకెట్టు ఫ్రేము రెండు ముక్కలనూ కలిపి పట్టుకుని ఉంటుంది కాబట్టి ముందు అది దిగాలి. అక్కడ కూలి గంటల లెక్క, ప్లేటు ఖరీదు దాని ముందు ఎంత. విప్పాక ఫ్లైవీలు మీద నీలి మచ్చలు, రివిట్లు గీసిన గాట్లు ఉంటే దాన్ని సాఫు చేయించకుండా కొత్త ప్లేటు వెయ్యొద్దు. ఇంకా, అంత పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్మును గాలితో ఊదకు, తడిగుడ్డతో తుడవమను. ఛాతీ దవాఖానా ఉన్న ఎర్రగడ్డలో ఇన్నేళ్లుండి, దగ్గుతో వచ్చేపోయేవాళ్లను రోజూ చూసి చెప్తున్నా.

సీరియల్ నంబరు ప్లేటుకూ, ఆ అడుగు బెజ్జానికీ ఫోటోలు తీసి పంపు. రాణిగంజ్‌లో నీ బండి సైజు క్లచ్ ప్లేటు దొరుకుతుందేమో కనుక్కుంటా. సంక్రాంతికి అక్క అప్పాలు పంపుతోంది, సామాన్లో చోటుంటే దాన్నీ పెట్టిస్తా. కాకపోతే పాతదాని స్ప్లైన్లు అక్కడివాళ్లతో లెక్కపెట్టించు, ఒక్కటి తేడా వచ్చినా షాఫ్టు మీద ఎక్కదు.

నీ మామ