పళ్ళెంలో వడ్డించిన లెక్క

ప్రశ్న: ఆర్థికవేత్తల పరిశోధన మాలాంటివాళ్ళకు అర్థమయ్యేదెలా? – ఓ పాఠకురాలు, నోయిడా

జవాబు: ఢిల్లీలో కేంద్ర ఆర్థికశాఖ 2020 జనవరిలో వెలువరించిన ఆర్థిక సర్వే ఒక దారి చూపింది. అందులోని ‘థాలీనామిక్స్’ అధ్యాయం ధరల సూచీని భోజనం పళ్ళెంగా మార్చి, 2006-07 నుంచి 2019-20 మధ్య శాకాహార భోజనం కొనగలిగే స్తోమత 29 శాతం, మాంసాహారానిది 18 శాతం పెరిగాయంది. పోలిక చక్కగా అమరింది. అన్నం, పప్పు తెలియనిదెవరికి! అయితే కొలతకు తీసుకున్నది సంఘటిత రంగ కర్మాగార కార్మికుడి సంపాదన. తెల్లారే లేబర్ చౌక్‌లో పనికోసం నిలబడేవాడు ఆ లెక్కలోకి రాడు. ఇలాంటి షరతులన్నీ చెబితే జనం వినరని కొందరంటారు. కూరగాయల బండి దగ్గర తూకం సరిచూసుకునే జనానికి ‘ఎవరి కూలితో?’ అన్న ఒక్క మాట బరువవుతుందా? ఆ మాట శీర్షిక పక్కనే ఉండాలి, అడుగున చిన్నక్షరాల్లో కాదు.