టమోటాపండులో తీపి చేరు విధము

హిందూపురము బెల్లమునకును చింతపండునకును పేరుపడిన వ్యాపారస్థలము. బెల్లము వండువా రెల్లరు నెఱిగిన విషయ మొకటి కలదు. చెఱకును నఱికిన వెంటనే గానుగాడి రసమును కాచినయెడల బెల్లము గట్టిగా అచ్చుకట్టును. నఱికిన చెఱకు కొన్ని దినములు పడియుండెనా, ఆ బెల్లము సాగుచు, చెమ్మగిల్లుచు, అచ్చునకు నిలువదు. ఏలయన, చెఱకులోనే యుండు నొక పదార్థము చెఱకుచక్కెరను రెండుగా చీల్చి, ద్రాక్షశర్కరగాను ఫలశర్కరగాను మార్చివేయును. ఈ రెండును చెఱకుచక్కెరవలె సులభముగా పలుకుకట్టవు. ఆ చీల్చు పదార్థమునకు ఇన్వర్టేజు అని పేరు. బెల్లము వండువానికి శత్రువైన యీ ఇన్వర్టేజే మన పొలములలోని టమోటాపండునకు తీపి కూర్చువానిలో ముఖ్యమైనది.

ఇన్వర్టేజు ఎంజైములలో నొకటి. ఎంజైమనగా జీవకణములు తయారుచేసికొను పదార్థము. ఒక మార్పును త్వరితపఱచును గాని తాను ఖర్చు కాదు. ఒక్కొక్క ఎంజైమునకు ఒక్కొక్క పనియే. 1860లో ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడగు బెర్తెలో మధుశిలీంధ్రమునుండి, అనగా ఈస్టునుండి, ఇన్వర్టేజును వేఱుచేసెను. 1897లో జర్మనుడగు బుక్నరు, ఈస్టుకణములను నలుగగొట్టి తీసిన రసముకూడ చక్కెరను పులియబెట్టగలదని చూపెను. ఈ పనులకు సజీవకణమే యుండవలెనను వాదము దానితో పోయినది.

ఇక టమోటా సంగతి చూతము. దీనిని మన పెద్దలలో కొందఱు రామములగ యనియు, కొందఱు తక్కాళి యనియు పిలిచిరి. పండు తన చక్కెరను చాలవఱకు తాను చేసికొనదు. ఆకు సూర్యరశ్మిచే చెఱకుచక్కెరను తయారుచేసి, కాడలోని సన్నని నాళముల ద్వారా పండునకు పంపును. ధర్మవరము జంక్షనును చూచిన విద్యార్థులకు దీనిని తెలుపుట సులభము. సరకుబండి వచ్చి నిలిచినది; కూలీలు మూటలను దించి, విప్పి, లోపలికి చేరవేసినగాని దారి ఖాళీ కాదు, వెనుకబండి రాదు. పండునొద్ద నీ కూలీపని చేయునవి ఎంజైములు. అవి చక్కెరను ఎంత వేగముగా మార్చివేయునో, ఆకునుండి అంత వేగముగా క్రొత్తచక్కెర ప్రవహించును. కావున పంట తీపి ఆకుమీదనే గాక, పండు ఎంతగా లాగికొనగలదను దానిమీదను ఆధారపడియున్నది.

పిందెదశలో ఈ పనిని ముఖ్యముగా సుక్రోసు సింథేజు అను ఎంజైము చేయును. అప్పుడు చక్కెరలో కొంతభాగము పిండిపదార్థముగా మాఱి నిలువయగును. దీనిని పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. లేతపచ్చికాయను కోసి, కోసినచోట అయొడిను ద్రావణపు చుక్క వేయుడు. నలుపుతో కూడిన నీలివర్ణము కనబడును. బాగుగా పండిన ఎఱ్ఱపండుపై అట్లు చేసిన ఆ రంగు రాదు. నిలువయున్న పిండి పండుటకు పూర్వమే కరగి శర్కరలైనది. ఇందుండియే మఱియొక సంగతి తెలియుచున్నది. దూరపు బజారులకు పంపుటకై కాయను పచ్చిగా కోసినయెడల, అది బుట్టలో ఎఱ్ఱబడును గాని, తొడిమ తెగిన పిదప ఆకునుండి చక్కెర రాదు. పట్టణములవారు టమోటాలో రుచిలేదని వాపోవుటకు ఇది యొక కారణము. తప్పు వంగడముది మాత్రమే కాదు.

పండు పక్వమగునప్పుడు ఇన్వర్టేజు మిక్కుటమగును. చెఱకుచక్కెర యణువొకటి చీలి రెండణువులగును. అణువులు హెచ్చినకొలది కణము నీటిని అధికముగా లాగికొని ఉబ్బును. ఆ నీటితోడనే పండునకు బరువు. 1996లో అమెరికాలో కొందఱు శాస్త్రజ్ఞులు టమోటాలో ఇన్వర్టేజును అణచి చూచిరి. పండులో చెఱకుచక్కెర అట్లే నిలిచెను. పండుమాత్రము సుమారు నూటికి 30 పాళ్లు చిన్నదయ్యెను.

ఇక్కడనే రైతుచిక్కు కలదు. బజారులో పండును తూచి కొందురేగాని తీపిని కొలిచి కొనరు. టమోటాలో నూటికి 94, 95 పాళ్లు నీరే. పెనుకొండ, ధర్మవరము, హిందూపురము ప్రాంతములు చేరియుండిన పూర్వపు అనంతపురము జిల్లాలో సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు మించి వాన లేదు. నీరు తక్కువైనప్పుడు కాయలు చిన్నవగును, తీపి చిక్కబడును. రైతునకు మాత్రము తూకము తఱుగును. పండును కాచి గుజ్జుచేయు కర్మాగారపు లెక్క వేఱు. నూటికి 28 పాళ్లు కరగిన ఘనపదార్థముగల గుజ్జు ఒక కిలో కావలెనన్న, 4 పాళ్లుగల పండ్లు 7 కిలోలు పట్టును. 5 పాళ్లుగలవి 5.6 కిలోలు చాలును. ధర పడిపోయి పండ్లను బాటప్రక్కన పారబోయు సంవత్సరములు మనవారికి క్రొత్తకాదు. అట్టి యెడల ఈ ఒక్కపాలు చిన్నది కాదు.

తీపిని పెంచుచు బరువును నిలుపుట సాధ్యమా? దక్షిణ అమెరికాలోని పెరూదేశపు మెట్టలలో పెరుగు అడవిటమోటాలలో దీనికి కొంత యుత్తరము దొరకినది. ఆ జాతులలో నొకదానినుండి వచ్చిన ఇన్వర్టేజు జన్యువులో ఒక్క అక్షరపు భేదముచే పండులోని శర్కర హెచ్చుచున్నదని 2004లో ఇశ్రాయేలు శాస్త్రజ్ఞులు చూపిరి. 2024లో చీనాశాస్త్రజ్ఞులు మఱియొక మార్గమును ప్రకటించిరి. టమోటాలో రెండు జన్యువులు సుక్రోసు సింథేజునకు కళ్లెమువలె నున్నవి; వానిచే పుట్టు పదార్థములు ఆ ఎంజైమునకు భాస్వరపు గుఱుతు తగిలించి, అది నశించునట్లు చేయును. (జీవపదార్థములలో భాస్వరమును కొలుచుటకు 1925లో ఫిస్కెతో కూడి సులభమైన పద్ధతి కనిపెట్టినవాడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు.) ఆ రెండు జన్యువులను తొలగింపగా ద్రాక్షశర్కరయు ఫలశర్కరయు నూటికి 30 పాళ్లవఱకు హెచ్చెను, పండు బరువుగాని దిగుబడిగాని తగ్గలేదు. విత్తనములు మాత్రము సంఖ్యలో తక్కువై తేలికపడెను. అయినను యథాప్రకారము మొలకెత్తినవి. పండ్లమ్ము రైతునకు ఇది నష్టము కాదు. విత్తనము లమ్మువా రేమందురో చూడవలసియున్నది.