తుపాకీ బాగుచేసిన చేతికి చట్టం ఇచ్చే హక్కులు

ప్రశ్న: నేను సైన్యం ఈఎంఈ విభాగంలో ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే) హవల్దారుని. పదో తరగతి పాసై సైన్యంలో చేరాను. ఇప్పుడు 37 ఏళ్లు, 17 ఏళ్ల సర్వీసు. త్వరలో రిటైరై హైదరాబాద్ వస్తున్నాను. బంజారాహిల్స్‌లో ఒక ఆఫీసువాళ్లు సెక్యూరిటీ గార్డుగా రమ్మంటున్నారు. అమీర్‌పేటలో కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని ఇంకొకరు చెప్పారు. మా బావమరిదేమో లైసెన్సు తుపాకులు రిపేరు చేసే షాపు పెట్టమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు షాపు సంగతి చెబుతాను. అక్కడ పొరపాటు జరిగితే జైలే. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడం, అమ్మడమే కాదు, మరమ్మతు చేయడం, పరీక్షించడం కూడా నేరమే. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పడవచ్చు. తుపాకీ యజమాని దగ్గర లైసెన్సు ఉంటే సరిపోదు, బాగుచేసేవారికి వేరే లైసెన్సు కావాలి. సైన్యంలో ఉన్నప్పుడు మీ చేతికి ఉన్న అనుమతి యూనిఫాంతోనే పోతుంది. తెలిసినవాళ్ల తుపాకీ అయినా మొహమాటానికి ముట్టుకోవద్దు.

మీ పనితనం మాత్రం ఎక్కడికీ పోదు. లోపం పట్టడం, గేజి పెట్టి కొలవడం, అరిగిన భాగం మార్చి కొలతకు తేవడం, చేసిన పని రాసిపెట్టడం మీకు రోజూ అలవాటైన పనులు. పంజాగుట్ట నిమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో పరికరాలు చూసుకునేవారికీ, అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో లిఫ్టులు, ఎస్కలేటర్లు నడిపించేవారికీ కావలసింది ఇలాంటి క్రమశిక్షణే. గార్డు ఉద్యోగం గౌరవమైనదే. అయినా తుపాకీ విప్పి బిగించగలిగిన మనిషిని తుపాకీ పట్టుకుని నిలబడమనడం నాకు బాధగా ఉంటుంది.

ప్రభుత్వ ఉద్యోగాల్లో మీకున్న హక్కులు ముఖ్యంగా 1979 నాటి మాజీ సైనికుల పునర్నియామక నిబంధనల్లో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో 10 శాతం, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల గ్రూప్-సి పోస్టుల్లో 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. కంచన్‌బాగ్‌లోని భారత్ డైనమిక్స్ అలాంటి సంస్థే. వయసు లెక్క కూడా మీకు అనుకూలమే. 37లోంచి 17 తీసేస్తే 20. అలా వచ్చిన వయసు పోస్టు గరిష్ఠ వయసును మూడేళ్లకు మించి దాటకపోతే మీరు అర్హులు. రిటైరయ్యేదాకా ఆగనక్కర్లేదు, ఏడాది ముందునుంచే దరఖాస్తు చేయవచ్చు.

చాలామంది దెబ్బతినేది చదువు దగ్గర. పదో తరగతి పాసై 15 ఏళ్ల సర్వీసు ఉన్నవారిని డిగ్రీ అడిగే గ్రూప్-సి రిజర్వుడు పోస్టులకు కూడా పరిగణించవచ్చని ఆ నిబంధనలే చెబుతున్నాయి. ఇది విని అన్నిటికీ అర్హత వచ్చేసిందనుకుంటారు. సాంకేతిక పని అనుభవం తప్పనిసరి అన్న పోస్టులకు ఈ సడలింపు వర్తించదు. అంటే బతుకంతా పనిముట్లతో గడిపినవాడికి గుమాస్తా కుర్చీ సులువుగా దొరుకుతుంది, వర్క్‌షాపు తలుపు మాత్రం కాగితం అడుగుతుంది. ఇది న్యాయం కాదనే నా అభిప్రాయం. కానీ నిబంధన మారేదాకా ఆ కాగితం సంపాదించుకోవాల్సిందే. సర్వీసులో ఉండగానే మాజీ సైనికుల పునరావాస డైరెక్టరేట్ నడిపే కోర్సుల్లో మీ పనికి దగ్గరిది అడగండి. డిశ్చార్జి బుక్‌లో ట్రేడు, క్లాసు, చేసిన కోర్సులు సరిగా రాశారో లేదో యూనిట్ గేటు దాటకముందే చూసుకోండి. తర్వాత రికార్డ్స్ ఆఫీసు చుట్టూ తిరిగి దిద్దించుకోవడం చాలా కష్టం.

ఇంకో మాట. ఈ రిజర్వేషన్ వాడుకుని రెగ్యులర్ సివిల్ ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే, తర్వాతి ఉద్యోగాలకు అది దొరకదు. అయితే చేరకముందే వేరే పోస్టులకు దరఖాస్తు చేసి ఉంటే, చేరిన వెంటనే ఆ వివరాలన్నీ తేదీలతో రాసి యాజమాన్యానికి స్వీయ ధ్రువీకరణ ఇవ్వండి. అప్పుడు ఆ పోస్టుల వరకు హక్కు నిలుస్తుందని 2014 ఆగస్టు 14 నాటి కేంద్ర ఉత్తర్వు చెబుతోంది. ప్రైవేటులో చేరినంతమాత్రాన ఏ నష్టమూ లేదు.

ప్రైవేటు జీతం వస్తుందని పెన్షన్ ఆగదు. పెన్షన్ దయాభిక్ష కాదు, ఆస్తిహక్కు అని సుప్రీంకోర్టు 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులోనే తేల్చింది. "మీకు పెన్షన్ వస్తుందిగా" అంటూ కనీస వేతనం కంటే తక్కువ ఇస్తే అది చట్టవిరుద్ధం. ఇంటర్వ్యూలో మాత్రం ఏ ఆయుధం ఏ యూనిట్‌లో ఎన్ని ఉన్నాయి, వాటి లోపాలేమిటి అన్న మాటలు రానివ్వకండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరైనవారినీ వదలదు.

అమీర్‌పేట కోర్సుకు పెన్షన్ డబ్బు పెట్టేముందు "గ్యారంటీ" అన్న మాటను కాగితం మీద రాయించుకోండి, రసీదు దాచుకోండి. కోచింగ్ సెంటర్లు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో చెప్పింది. మోసం జరిగితే రెండేళ్లలోపు మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ఐదు లక్షల రూపాయలలోపు చెల్లించిన వ్యవహారమైతే కోర్టు ఫీజు లేదు. 1915కు ఫోన్ చేసినా ఫిర్యాదు తీసుకుంటారు.

ఇది చదివే అగ్నివీరులకు ఒక హెచ్చరిక. నాలుగేళ్లకు బయటికి వచ్చేవారికి పెన్షన్ ఉండదు, మాజీ సైనికుడి హోదా రాదు. పైన చెప్పిన కోటాలు వారివి కావు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో వారికి ప్రత్యేకంగా కోటా ప్రకటించారు. నైపుణ్య పత్రం తీసుకోకుండా ఎవరూ బయటికి రావద్దు.

హవల్దారు గారూ, హైదరాబాద్ చేరగానే డిశ్చార్జి బుక్, పెన్షన్ ఆర్డరు పట్టుకుని సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి. గార్డు ఉద్యోగానికి ఒప్పుకునే ముందే ఆ పని చేయండి.