తెల్లవార్లూ ఆగని కరెంటు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కొమురవెల్లి వైపు పల్లెలో మీ బృందం ఒగ్గుకథ రికార్డు చేసిన రాత్రి ఏం జరిగిందో మీ అమ్మ చెప్పింది. డోలు, తాళాల మధ్య కథ మంచి పట్టులో ఉండగా రికార్డర్ టక్కున ఆగిపోయిందట. బ్యాటరీ అయిపోయిందని అందరూ అనుకున్నారు. మర్నాడు మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ నిక్షేపంలా ఉంది. ప్లగ్గు లోపల వైరు అతుకు వదిలేసింది. ఎన్నాళ్ల నుంచో బతిమాలి ఒప్పించుకున్న కళాకారుడి గొంతు, ఆ అరగంట మేరకు, ఎక్కడా లేకుండా పోయింది. ఆయన మరో రాత్రి అదే కథ చెప్పినా అది ఈ రాత్రి కథ అవదు.

అందుకే ఈ ఉత్తరం. మైకుల గురించి, రికార్డర్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. బ్యాటరీ నుంచి రికార్డర్ దాకా కరెంటు నడిచే ఆ మూడడుగుల దారి గురించి చెప్పేవాళ్లు తక్కువ. మామయ్య చూసినంతలో పని చెడేది ఎక్కువగా ఆ దారిలోనే.

ఈ బాధ కొత్తది కాదు. పోలండులో పుట్టి స్విట్జర్లాండులో స్థిరపడిన స్టెఫాన్ కుదెల్‌స్కీ 1951లో నాగ్రా అనే పోర్టబుల్ టేప్ రికార్డర్ తయారుచేశాడు. పోలిష్ భాషలో ఆ మాటకు 'రికార్డు చేస్తుంది' అని అర్థం. తొలి మోడల్లో ఎలక్ట్రానిక్స్‌కు బ్యాటరీ ఉన్నా, టేపు తిప్పే మోటారుకు మాత్రం పాత గడియారానికిచ్చినట్టు కీ ఇవ్వాల్సి వచ్చేది. 1950ల చివర్లో నాగ్రా 3 వచ్చాక ఆ అవసరం తీరింది. పెద్ద టార్చిలైటులో వేసే సెల్లు పన్నెండు పేరిస్తే మోటారు కూడా వాటి మీదే నడిచేది. ఒక్కోటి 1.5 వోల్టులు, వరసగా కలిపితే 18 వోల్టులు. సినిమా సౌండు మనుషులు దాన్ని భుజాన వేసుకుని కొండలూ ఎడారులూ తిరగగలిగారంటే, సెల్లు ఎక్కడైనా దొరకడం కూడా ఒక కారణం.

ఇక మన లెక్క. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు, వాట్లను గంటలతో గుణిస్తే వాట్-అవర్లు. రికార్డరూ దానికి తగిలించిన మైకులూ కలిసి 12 వోల్టుల దగ్గర అర ఆంపియరు లాగుతున్నాయనుకుందాం. అంటే 6 వాట్లు. రాత్రి తొమ్మిదింటికి ఎత్తుకున్న కథ తెల్లవారుజామున ఐదింటికి ముగిస్తే ఎనిమిది గంటలు, 48 వాట్-అవర్లు.

ఇప్పుడు ఆ 48 ఎక్కడినుంచి తేవాలో చూడాలి. 2000 ఎంఏహెచ్ రీచార్జబుల్ నికెల్ సెల్లు ఎనిమిది వేస్తే 9.6 వోల్టులు, 19 వాట్-అవర్లు. అర్ధరాత్రి దాటగానే ఖాళీ. సోనీ ఎన్‌పీ-ఎఫ్970 రకం వీడియో కెమెరా బ్యాటరీ 7.2 వోల్టులు, దాదాపు 47 వాట్-అవర్లు. కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది కానీ, దాన్ని 12 వోల్టులకు పెంచే కన్వర్టరు తన వాటా తాను తినేస్తుంది. కాబట్టి రెండు ఉండాల్సిందే. యూపీఎస్‌లలో కనిపించే 12 వోల్టుల, 7 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి 84 వస్తుంది. ప్రతిసారీ సగానికి మించి పిండితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది, పైగా రెండు కిలోల పైచిలుకు బరువు. నాలుగు సెల్లు వరసగా కట్టిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాకు 12.8 వోల్టులు. సుమారు సగం బరువులో అంతే చార్జి ఇస్తుంది, చివరిదాకా వోల్టేజి పెద్దగా జారదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే మేలు.

అయితే విడి లిథియం సెల్లు కొని ఇంట్లో ప్యాకు కట్టే పనికి ఇప్పుడే దిగకూడదు. ఆ సెల్లుకు నేరుగా సోల్డరింగ్ చేస్తే వేడికి లోపలి పొరలు దెబ్బతింటాయి. వాటికి నికెల్ పట్టీలు స్పాట్ వెల్డింగ్ చేయాలి, సెల్లన్నీ సమానంగా నిండేలా చూసే బీఎంఎస్ బోర్డు ఉండాలి. కట్టి ఉన్న మంచి ప్యాకు, దాని రకానికే చేసిన చార్జరు కొనడం చేతకానితనం కాదు. నీ చేతిపని ప్యాకు బయట మొదలవుతుంది.

రికార్డర్ ఎంత లాగుతుందో డబ్బా మీద రాసిన అంకెను నమ్మి వెళ్లకూడదు. మల్టీమీటరును ఆంపియర్ల స్థానంలో పెట్టి, ప్లస్ వైరు మధ్యలో వరసగా కలిపి కొలవాలి. మైకులన్నీ, హెడ్‌ఫోన్లూ తగిలించి, ఫాంటమ్ పవర్ ఆన్ చేసి, రికార్డింగ్ నడుస్తుండగా కొలవాలి. అదే స్థానంలో ఉన్న మీటరు మొనల్ని పొరపాటున బ్యాటరీ రెండు కొసలకూ తాకిస్తే అది నేరుగా షార్టే.

ఫాంటమ్ అన్నామంటే దాని పుట్టుక తెలుసుకోవాలి. 1966లో నాయ్‌మన్ కంపెనీ తన ట్రాన్సిస్టర్ మైకును నార్వే రేడియోకు చూపించింది. మైకు తీగలోనే కరెంటు పంపే పద్ధతి కావాలని వాళ్లడిగారు. చీకటి చలికాలాల ఆ దేశపు స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉంది. దానినే వాడుకున్నారు. ఈనాడు మన రికార్డర్లలో కనిపించే 48 అంకె ఆ దీపాల నుంచి వచ్చిందే. మైకుకు వెళ్లే రెండు తీగల్లోనూ చెరో 6.8 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఆ వోల్టేజి వెళ్తుంది. బ్యాటరీ ఇచ్చే కొద్దిపాటి వోల్టులను రికార్డరే 48కి పెంచాలి కాబట్టి, ఫాంటమ్ నొక్కగానే వాడకం పెరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది కనెక్టరు. గుండ్రటి డీసీ పిన్ను చౌక, ఎక్కడైనా దొరుకుతుంది. దాని బయటి కొలత 5.5 మిల్లీమీటర్లు. లోపలి రంధ్రం ఒకదానికి 2.1, ఇంకోదానికి 2.5. పక్కపక్కన పెట్టినా కంటికి తేడా తెలియదు. 2.1 సాకెట్లో 2.5 పిన్ను దూరుతుంది, పనిచేస్తున్నట్టే ఉంటుంది, ఎవరి కాలో వైరుకు తగిలితే కట్టవుతుంది. మధ్యలో ప్లస్ ఉండేవి ఎక్కువే అయినా, గిటార్ పెడల్స్‌లో మామూలుగా మధ్యలో మైనస్ ఉంటుంది. తాళం పడదు, దిక్కు తెలియదు. పొలం గట్టు మీద దాన్ని నమ్ముకోకూడదు.

సినిమా సౌండు వాళ్లు వాడేవి రెండు. ఒకటి హిరోసే నాలుగు పిన్నుల కనెక్టరు. చిటికెన వేలంత ఉంటుంది, నొక్కితే టిక్కుమని పడుతుంది, వైరు పట్టి లాగినా రాదు. రెండోది వీడియో కెమెరాల నుంచి వచ్చిన నాలుగు పిన్నుల ఎక్స్ఎల్ఆర్. రెండింటికీ ఒకటే ఒప్పందం: ఒకటో పిన్ను మైనస్, నాలుగో పిన్ను ప్లస్. జూమ్ ఎఫ్8, సౌండ్ డివైసెస్ రికార్డర్లు కొన్ని హిరోసే మీద కూడా నడుస్తాయి. ఎఫ్8 ఆ దారిలో 9 నుంచి 18 వోల్టుల దాకా తీసుకుంటుంది.

ఇక్కడొక గొయ్యి ఉంది. ఈ పిన్నులు గాడికి అటూ ఇటూ సమానంగా అమరి ఉంటాయి. ముఖం వైపు నుంచి లెక్కపెట్టడానికీ, సోల్డరింగ్ చేసే వెనకవైపు నుంచి లెక్కపెట్టడానికీ మధ్య అద్దంలో చూసినంత తేడా. ఒకటి నాలుగవుతుంది, నాలుగు ఒకటవుతుంది. అంటే ప్లస్సూ మైనస్సూ తారుమారు. పని కొత్తలో మీ మామయ్య చేసిన తప్పు సరిగ్గా ఇదే. బొమ్మ చూసి వైరు అతికించాడు. బొమ్మ ముఖం వైపుది, అతికించింది వెనకవైపు. అరువు తెచ్చిన రికార్డర్‌లో నుంచి సన్నగా పొగ వచ్చింది, దాని ధర తీర్చడానికి ఏడాది పట్టింది. ప్రతి పిన్ను పక్కనా ప్లాస్టిక్ మీద చిన్న అంకె చెక్కి ఉంటుంది. బొమ్మను కాదు, భూతద్దం పెట్టి ఆ అంకెను చూడాలి.

కరెంటు వచ్చే వైపు వీలైనంతవరకు రంధ్రాలే ఉండాలి, పిన్నులు కాదు. బయటకు పొడుచుకొచ్చిన పిన్నుల్లో కరెంటు ఉంటే సంచిలోని తాళంచెవి చాలు షార్ట్ చేయడానికి. కెమెరా బ్యాటరీ వైరు చివర ఫిమేల్ ఉండేది ఇందుకే. మైకు ఇన్‌పుట్‌ను గమనిస్తే 48 వోల్టులు బయలుదేరే వైపు కూడా రంధ్రాలే కనిపిస్తాయి.

ఇప్పుడు అతుకు. కోఠి గుజరాతీ గల్లీలో కనెక్టరు కొనేటప్పుడు దాని జత సాకెట్టు కూడా ఒకటి కొనాలి. ముందు వైరుకు కనెక్టరు తొడుగు, హీట్‌ష్రింక్ స్లీవ్ ముక్కలు ఎక్కించాలి. చాలామంది అవి మరిచిపోయి, అతికాక మళ్లీ ఊడదీస్తారు. ప్లగ్గును ఆ జత సాకెట్లో గుచ్చి ఉంచి పని చేస్తే, వేడికి ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు పక్కకు జరగవు. వైరు కొస నాలుగు మిల్లీమీటర్లు ఒలిచి, పురిపెట్టి, దానికి లెడ్ పట్టించాలి. పిన్ను వెనక ఉన్న చిన్న దొప్పలో కూడా కొంచెం లెడ్ నింపాలి. అప్పుడు ఐరన్‌ను దొప్పకు ఆనించి, లెడ్ కరగగానే వైరు దించి, ఐరన్ తీసేయాలి. రెండు మూడు సెకన్ల పని. ఆ తర్వాత లెడ్ గట్టిపడేదాకా చెయ్యి కదలకూడదు. కదిలితే పైకి అతికినట్టే ఉంటుంది, లోపల పగులు ఉంటుంది. రిపేరు షాపుల్లో డ్రై సోల్డర్ అనేది దీన్నే. మీ ఒగ్గుకథను మింగింది కూడా ఇదే అయ్యుంటుంది. మంచి అతుకు నున్నగా మెరుస్తూ దొప్ప అంచుల దాకా పాకి ఉంటుంది. మసకగా, గరుకుగా, ముద్దగా ఉంటే మళ్లీ చేయాల్సిందే. చివరికి వైరును పట్టి గట్టిగా ఒకసారి లాగి చూడాలి. బరువంతా కనెక్టరు వెనకున్న బిగింపు మీద పడాలి తప్ప అతుకు మీద కాదు.

వైరు మందం కూడా లెక్కలోదే. అర చదరపు మిల్లీమీటరు రాగి వైరుకు మీటరుకు 0.034 ఓమ్‌లు. మీటరున్నర వైరులో రానూ పోనూ మూడు మీటర్లు, అంటే ఓమ్‌లో పదోవంతు. అర ఆంపియరుకు పోయేది 0.05 వోల్టు, పట్టించుకోనక్కర్లేదు. ఫోను చార్జరు వైరంత సన్నది వాడితే ఆ నష్టం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

బ్యాటరీ ప్లస్ కొసను ఆనుకుని ఫ్యూజు ఉండాలి. రికార్డర్ దగ్గర పెడితే మధ్యలో వైరు నలిగినప్పుడు అది కాపాడలేదు. అర ఆంపియరు లాగే రికార్డర్‌కు 2 ఆంపియర్లది చాలు. ప్లస్సూ మైనస్సూ తారుమారైనా నష్టం రాకుండా 1ఎన్5822 లాంటి షాట్కీ డయోడ్ ఒకటి ప్లస్ వైరులో వేస్తే అర వోల్టు లోపు పోతుంది, రికార్డర్ మాత్రం దక్కుతుంది. ఆ రోజు మామయ్య వైరులో ఆ డయోడ్ లేదు.

కన్వర్టరు వాడక తప్పకపోతే దాన్ని రేకు డబ్బాలో పెట్టి మైకు వైర్లకు దూరంగా ఉంచాలి. చౌక బోర్డుల్లో స్విచింగ్ చప్పుడు సన్నని కూతలా రికార్డింగులోకి దూరుతుంది. గెయిన్ పూర్తిగా పెంచి, ఒకసారి నేరుగా బ్యాటరీ మీద, ఒకసారి కన్వర్టరు మీద నిశ్శబ్ద గదిని రికార్డు చేసి హెడ్‌ఫోన్లలో వింటే తేడా తెలిసిపోతుంది. పవర్ బ్యాంకుతో మరో చిక్కు. లాగే కరెంటు బాగా తగ్గితే ఫోను నిండిందనుకుని తనంతట తానే ఆగిపోయేవి చాలా ఉన్నాయి.

విమానంలో వెళ్లాల్సి వస్తే విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల లోపువాటికి అనుమతి అడగనక్కర్లేదు. 160 దాకా విమాన సంస్థ ఒప్పుకోవాలి, అవీ రెండే.

మళ్లీ పల్లెకు వెళ్లేముందు ఇంట్లోనే ఒక రాత్రి మొత్తం రికార్డర్‌ను నడిపి చూడు. తొమ్మిదింటికి మొదలుపెట్టి గంట గంటకూ వోల్టేజి నోటుపుస్తకంలో రాసుకో. ప్రతి గంటకూ ప్లగ్గు దగ్గర వైరును అటూ ఇటూ కదిపి, రికార్డింగ్ తెగిందేమో విను. రెండో వైరు కూడా ఇదే పద్ధతిలో కట్టి సంచిలో వేసుకో. మొదటి ప్లగ్గు అతికాక, తొడుగు బిగించకముందు దగ్గరగా ఒక ఫోటో తీసి పంపు. అతుకు ఎలా కుదిరిందో చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య