సీడ్ ఎక్కడుంది?

ర్యాండమ్ అనే మాట మీద మన సీఎస్ వాళ్లకి పెద్దగా నమ్మకం ఉండదు. లోపల ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి. పైథాన్‌లో సీడ్ 42 అని ఇచ్చి ర్యాండమ్ నంబర్లు అడిగితే, నా ల్యాప్‌టాప్‌లోనూ నీ ల్యాప్‌టాప్‌లోనూ అవే నంబర్లు, అదే వరసలో వస్తాయి. చూసేవాడికి లాటరీలా ఉంటుంది గానీ అంతా ముందే నిర్ణయమైపోయిన లెక్క.

అందుకే ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్ క్లాసులో "ఈ ఫోటాన్ ఫిల్టర్ దాటుతుందో లేదో ముందుగా చెప్పలేం, సంభావ్యత మాత్రమే చెప్పగలం" అని విన్నప్పుడు నాకు లోపల నవ్వొచ్చింది. ప్రకృతి దగ్గర కూడా ఒక సీడ్ ఉండే ఉంటుంది, మనకి ఇంకా దొరకలేదంతే అనుకున్నా. అక్కడితో ఆగకుండా రూమ్మేట్‌తో పందెం కూడా కాశా, "ఆ సీడ్‌తో నడిచే ప్రోగ్రామ్ రాసి చూపిస్తా చూడరా" అని. పందెం రెండు బిర్యానీలు. అది ఎలా పోయిందో చెప్పడానికే ఈ వ్యాసం.

నా వైపు చిన్నవాళ్లేం లేరు. 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ కలిసి రాసిన పేపర్ సారాంశం దాదాపు ఇదే: క్వాంటమ్ సిద్ధాంతం తప్పు కాదు, అసంపూర్ణం. జంటగా పుట్టిన రెండు కణాలు చెరో దిక్కుకి వెళ్లిపోయాక, ఒకదాన్ని కొలిస్తే రెండోదాని ఫలితం కూడా తెలిసిపోతుంది. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు కదా. అంటే ఆ జవాబు దాని దగ్గర ముందునుంచే ఉండి తీరాలి. ఈ వాదన కింద రెండు నమ్మకాలున్నాయి. కొలవకముందే విలువ ఉంటుందనేది రియలిజం. ఇక్కడ చేసిన పని ప్రభావం కాంతి కంటే వేగంగా అక్కడికి చేరదనేది లోకాలిటీ. రెండూ కలిపితే లోకల్ రియలిజం. నిజం చెప్పాలంటే మనందరం పుట్టుకతోనే లోకల్ రియలిస్టులం.

ఊరెళ్లి బ్యాగ్ తెరిస్తే కుడికాలి చెప్పు ఒక్కటే కనిపించిందనుకోండి. ఎడమది హాస్టల్లో మంచం కింద ఉండిపోయిందని ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. ఇందులో వింతేముంది? బెల్‌ఫాస్ట్‌లో పుట్టి సెర్న్‌లో పనిచేసిన జాన్ బెల్ ఇదే సంగతి సాక్సులతో చెప్పాడు. ఆయన సహోద్యోగి బెర్టిల్‌మన్‌కి రెండు కాళ్లకీ వేర్వేరు రంగుల సాక్సులు వేసుకునే అలవాటు. ఒక కాలు చూస్తే రెండో కాలికి ఆ రంగు ఉండదని తెలిసిపోతుంది. కణాల సంగతీ ఇంతేనా అన్నది ప్రశ్న. దీన్ని వాదనల్లోంచి లాగి లెక్కలోకి తెచ్చింది 1964లో బెల్ రాసిన పేపరే.

ఇప్పుడు పందెం షరతులు. రెండు ల్యాప్‌టాప్‌లు. ఆట మొదలయ్యేముందు అవి సీడ్, టేబుల్, ఏదైనా పంచుకోవచ్చు. తర్వాత వైఫై ఆఫ్. ప్రతి రౌండ్‌లో ఒక్కోదాన్ని 0, 60, 120 డిగ్రీల్లో ఏదో ఒక కోణం గురించి అడుగుతాం. ఏది అడగాలో రెండు వైపులా విడివిడిగా పాచిక వేసి తేలుస్తాం. జవాబు "దాటింది" లేదా "ఆగింది". తగిన విధంగా జతపడిన ఫోటాన్ల విషయంలో క్వాంటమ్ సిద్ధాంతం చెప్పేది ఇది: రెండు వైపులా ఒకే కోణం అడిగితే జవాబులు ఎప్పుడూ ఒకటే. వేర్వేరు కోణాలైతే నాలుగింట ఒకసారే కలుస్తాయి. కాస్ 60 అంటే అర, దాని వర్గం పావు. మాలస్ నియమంలో చూసిన కాస్ స్క్వేరే.

నా ప్రోగ్రామ్ ఈ రెండూ చేసి చూపించాలి. మొదటిది చాలా తేలిక. ఇద్దరికీ ఒకే టేబుల్ ఇస్తే సరి. అసలు వేరే దారి కూడా లేదు. అవతలి వాణ్ని ఏ కోణం అడిగారో తెలియకుండా, కోణం ఒకటైనప్పుడు ఒక్కసారి కూడా తప్పకూడదంటే మూడు ప్రశ్నలకీ జవాబులు ముందే రాసిపెట్టుకోవాలి, రెండు చోట్లా అవే ఉండాలి.

మూడు ప్రశ్నలు, రెండేసి జవాబులు. మొత్తం ఎనిమిది టేబుళ్లే. మూడూ "దాటింది" లేదా మూడూ "ఆగింది" అయితే, వేర్వేరు కోణాలు అడిగినా జవాబులు ప్రతిసారీ కలుస్తాయి. మిగిలిన ఆరింటిలో రెండు జవాబులు ఒకటి, మూడోది వేరు. కోణాల జతలు మూడు ఉంటే అందులో ఒక జత కలుస్తుంది. అంటే మూడింట ఒక వంతు. అంతకంటే తక్కువ ఇచ్చే టేబుల్ లేదు! రౌండ్‌కో టేబుల్ మార్చినా, ఎంత తెలివైన సీడ్ పెట్టినా, సగటు మూడో వంతు కంటే కిందికి దిగదు. వేర్వేరు కోణాలు పడిన 1200 రౌండ్లలో నా ప్రోగ్రామ్‌కి దాదాపు 400 లేదా అంతకంటే ఎక్కువ రావాలి. క్వాంటమ్ లెక్క ప్రకారం దాదాపు 300. నేను రాత్రి రెండింటిదాకా కోడ్ మారుస్తూ కూర్చున్నా. కాగితం మీద ఎనిమిది వరసలు రాసి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

వెంటనే నాకొచ్చిన అనుమానం మీకూ రావచ్చు: క్వాంటమ్ లెక్కే తప్పైతే? ల్యాబ్‌లో జంటలు ఇంత పర్ఫెక్ట్‌గా కలవవు కాబట్టి అక్కడ వాడింది కొంచెం వేరే అసమానత. 1972లో బర్క్‌లీలో ఫ్రీడ్‌మన్, క్లౌజర్ కాల్షియం పరమాణువుల నుంచి వచ్చిన ఫోటాన్లతో కొలిచారు. క్వాంటమ్ గెలిచింది. 1982లో ఫ్రాన్స్‌లో ఆస్పె బృందం ఫోటాన్లు దారిలో ఉండగానే ఫిల్టర్ సెట్టింగులు మార్చింది. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో వజ్రాల్లోని ఎలక్ట్రాన్లను 1.3 కిలోమీటర్ల దూరంలో పెట్టి చేశారు. ఆ దూరం దాటడానికి కాంతికి సుమారు 4.3 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ లోపే రెండు వైపులా కొలత అయిపోయింది. వాళ్ల 245 ట్రయల్స్‌లో వచ్చిన విలువ 2.42. లోకల్ రియలిజం నిజమైతే 2 దాటకూడదు. 2022 నోబెల్ ఆస్పె, క్లౌజర్, సైలింగర్‌లకు వచ్చింది ఈ దారిలో చేసిన పనికే.

పేపర్ లీక్ అయ్యుంటే? అంటే ఏ ప్రశ్న పడబోతోందో టేబుల్‌కి ముందే తెలిస్తే? అప్పుడు ఏ స్కోరైనా కొట్టొచ్చు. ఈ దారిని ఇరుకు చేయడానికి 2016 నవంబర్ 30న దాదాపు లక్షమంది మామూలు జనం ఒక ఆన్‌లైన్ గేమ్‌లో సున్నాలు, ఒకట్లు నొక్కుతూ ఉంటే, ఆ అంకెలతోనే చాలా దేశాల ల్యాబ్‌లలో సెట్టింగులు ఎంచుకున్నారు. ఫలితం మారలేదు. అయినా లీక్ వాదాన్ని పూర్తిగా కొట్టేయలేమని నా రూమ్మేటే ఒప్పుకున్నాడు. బిర్యానీలు మాత్రం వదల్లేదు.

సీడ్ లేనే లేదని తేలిపోయిందా అంటే, అది కూడా కాదు. తేలింది ఏమిటంటే, లోకల్ సీడ్ లేదు. 1952లో డేవిడ్ బోమ్ ఇచ్చిన సిద్ధాంతంలో కణాలకి ఎప్పుడూ ఒక స్థానం ఉంటుంది, కానీ ఇక్కడి కొలత అక్కడి కణాన్ని తక్షణమే కదిలిస్తుంది. వైఫై ఆన్‌లోనే ఉందన్నమాట, మనం మెసేజ్ మాత్రం పంపలేం. ఒక వైపు జవాబులు మాత్రమే చూస్తే ఎప్పుడూ సగం సగమే కాబట్టి. 1957 నాటి ఎవరెట్ దారిలో ఒక్క ఫలితమే వచ్చిందన్న మాటనే వదిలేస్తారు. నాకు బోమ్ దారి కాస్త నయం అనిపిస్తుంది. సీడ్ అలవాటు అంత తొందరగా పోదు.

కానీ ఏ దారిలో వెళ్లినా కొలత అంటే ఏమిటన్నది వదలదు. ష్రోడింగర్ సమీకరణం నున్నగా, ఖచ్చితంగా నడుస్తూ ఉంటుంది. కొలిచామనగానే ఒక్క జవాబు ఊడిపడుతుంది. ఆ "కొలిచాం" ఎక్కడ జరిగింది? ఫిల్టర్ దగ్గరా, డిటెక్టర్ దగ్గరా, స్క్రీన్ మీద అంకె చూసినప్పుడా? డిటెక్టర్ కూడా పరమాణువులతో చేసిందే కదా, దానికి వేరే రూల్ ఎందుకు? తెలుగులో కొలత అంటే మానికతో బియ్యం కొలవడమే గుర్తొస్తుంది. కొలిచినా కొలవకపోయినా బియ్యం బస్తాలో ఉంటాయి. మాటలోనే రియలిజం దూరిపోయింది. ఇంగ్లీషులోనూ అదే గొడవ. చనిపోయిన 1990లోనే బెల్ ఒక వ్యాసం రాసి, ఉన్నదాన్నే చదువుతున్నామన్న భ్రమ కలిగిస్తుంది కాబట్టి సిద్ధాంతాన్ని చెప్పేటప్పుడు ఆ మాటనే నిషేధించాలన్నాడు. ఈ వ్యాసంలో నేను దాన్ని ఎన్నిసార్లు వాడానో లెక్కపెట్టలేదు.