మింగినవన్నీ చెప్పు

చి॥ చిన్నాకు,

మొన్న మీ అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. హైదరాబాదులో ఏదో సెంటర్లో మందుల పరీక్షకి పేరిచ్చావట, ఆ డబ్బుతో చెల్లి ఫీజు కడతానన్నావట. తిట్టడానికి రాయడం లేదురా. సర్కారు ఆసుపత్రిలో మందులిస్తూ బతికినవాణ్ణి. ఒంట్లో జబ్బు లేనివాళ్లు ముందుకు రాకపోతే కొన్ని సంగతులు తేలవని నాకూ తెలుసు.

నువ్వు పంపిన కాగితం చదివాను. మొదట మిడజోలం అనే మందు ఒక్కటే ఇచ్చి వేళ ప్రకారం రక్తం తీస్తారు. కొన్నాళ్లు కొత్త మందు వేశాక, దానితో కలిపి మళ్లీ మిడజోలం ఇచ్చి మళ్లీ తీస్తారు. ఈసారి రక్తంలో మిడజోలం పెరిగిందంటే, పేగుల్లోనూ కాలేయంలోనూ దాన్ని విరగ్గొట్టే సీవైపీ3ఏ4 అనే ఎంజైముకి కొత్త మందు అడ్డుపడుతోందని లెక్క. రోగులైతే నాలుగైదు మందులు వాడుతుంటారు, ఏది దేన్ని కదిపిందో తేలదు. అందుకే నీలాంటి కుర్రాళ్లు కావాలి. మిడజోలం నిద్రమత్తు మందు, అది ఇచ్చిన రోజు బండి నడపకు.

ఇలా ఒక మందు మరొకదానికి అడ్డుపడితే ఏమవుతుందో విను. టెర్ఫినడిన్ అని ఎలర్జీకి ఇచ్చే మాత్ర ఉండేది. ఫంగస్‌కి వాడే కీటోకొనజోల్‌తో కలిసినప్పుడు గుండె లయ తప్పి ప్రాణం మీదికి తెచ్చింది. 1998లో అమెరికా మార్కెట్ నుంచి దాన్ని తీసేశారు. అంతదాకా ఎందుకు, మా దగ్గరకే క్షయకి రిఫాంపిసిన్ తీసుకెళ్లే ఓ కోడలుపిల్ల వచ్చేది. మూత్రం ఎర్రగా వస్తోందని భయపడితే, మందు రంగేలే అమ్మా అని చెప్పి పంపేవాళ్లం. మాలా-డి గర్భనిరోధక మాత్రలు కూడా వేసుకుంటోందని ఆమె చెప్పలేదు, డాక్టరు అడగలేదు. రిఫాంపిసిన్ ఒంట్లో ఉంటే ఆ మాత్రల్లోని హార్మోన్లు తొందరగా విరిగిపోతాయి. చంకలో పిల్లాడికి ఇంకా నడక రాలేదు, మళ్లీ నెల తప్పింది. కౌంటరు చువ్వల్లోంచి చెయ్యి చాపి, ఒక్కరోజు మానలేదయ్యా అంటూ ఖాళీ అట్ట చూపించింది.

అందుకే చెబుతున్నాను, నువ్వు మింగినవన్నీ వాళ్లకి చెప్పు. మన పెరటి పంపర పనసతో సహా. నవ్వకు. కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందుకీ ఆల్కహాలుకీ పడుతుందో లేదో చూస్తూ, ఆల్కహాల్ రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపిచ్చారు. రక్తంలో మందు అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు తేలింది. ఆ పని చేసింది పండు రసం! 1989లో ఆ సంగతి అచ్చులోకొచ్చింది. ఆ గ్రేప్‌ఫ్రూట్ మన పంపర పనసకీ బత్తాయికీ పుట్టిన సంకరం. పంపర పనసకీ ఆ గుణం ఉంది. ఒక్క గ్లాసు తాగినా ప్రభావం మర్నాటికీ పోదు. తొనలకి ఉప్పూకారం అద్దుకుని నువ్వు తింటుంటే చూడటం నాకెంత ముచ్చటో నీకు తెలుసు. అయినా పరీక్ష ముగిసేదాకా ముట్టకు, ఎవరిచేతా పంపను కూడా.

అమ్మమ్మ లేహ్యం, జలుబు మాత్ర, జిమ్ వాళ్ల పొడి, సిగరెట్టు, అన్నీ చెప్పు. ఈమధ్య వేరే సెంటర్లో ఏదైనా మందు వేసుకుని ఉంటే అసలు దాచకు. చెబితే తీసుకోరని కుర్రాళ్లు దాస్తారు. రెండు మందులు కలిస్తే మొదటి దెబ్బ నీకు. నీ రక్తం చూపిన తప్పుడు అంకెని నమ్మి రేపు ఆ మందు వేసుకునే ముసలాళ్లకి రెండోది.

చిన్నప్పుడు సూదంటే నా పంచె పట్టుకుని వేలాడేవాడివి. ఇప్పుడు చేతికి కాన్యులాతో రాత్రంతా పడుకుంటావంటే మనసొప్పడం లేదు నాన్నా. ఫీజు కోసమే అయితే నేను కడతాను, పెదనాన్న దగ్గర మొహమాటమేంటి? వెళ్లాలనే ఉంటే వెళ్లు. మందుల పరీక్షల 2019 నిబంధనల ప్రకారం పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఖర్చూ నష్టపరిహారమూ వాళ్లే ఇవ్వాలి. మధ్యలో మానేస్తానంటే ఎవరూ ఆపకూడదు. సంతకం పెట్టే ముందు తెలుగు కాగితం అడిగి, ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. అందులో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉంటుంది, అది మీ అమ్మకీ నాకూ పంపు.

మీ పెదనాన్న